మార్చమన్న పేరు

నా పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు మొదటి వాక్యంలోనే నన్ను తీసుకెళ్లి ఏదో ఒక వరసలో కూర్చోబెడతారు. కర్నూలు కాలేజీలో చేరిన రోజునుంచి అందరూ నాకు చేసిన మర్యాద అదే. అదొక పీరు పేరు అని చెబితే ఇప్పటికి చాలు.

మాది ఆలూరు దిక్కున ఒక పల్లె. వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాన్న శనివారం ఒంటిపొద్దు ఉండేవాడు, అమ్మ గడపకు పసుపు పూయనిదే పొయ్యి వెలిగించేది కాదు. అలాంటి ఇంట్లో నాకు ఈ పేరు ఎలా వచ్చిందని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు గానీ మా దిక్కున ఎవరూ అడగరు. అమ్మకు నాకన్నా ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు దక్కలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, పీర్ల చావిడి ముందు కొంగు పరిచి మొక్కుకుంది. బిడ్డ దక్కితే నీ పేరే పెట్టుకుంటాము, ఏటేటా నీ పండుగకు ఫకీరును చేసి నీ వాకిట్లో నిలబెడతాము అని. నేను దక్కాను. అవ్వ మాట తప్పలేదు.

పీర్ల పండుగ వచ్చిందంటే అవ్వ నాకు తలంటి, తలకు పచ్చగుడ్డ చుట్టి, మెడలో ఎర్రదారం కట్టి, భుజానికి జోలె తగిలించి వీధిలోకి పంపేది. నాలాంటి మొక్కుబడి పిల్లలం కొందరం ఇల్లిల్లూ తిరిగి అడుక్కునేవాళ్లం. రెడ్డి ఇల్లా, బోయ ఇల్లా, సాయిబు ఇల్లా అని చూసేది లేదు. జోలెలో పడిన పిండి, బెల్లం, పప్పులు చావిడికి చేరిస్తే అక్కడ మలీద చేసేవారు. రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసే ఆ తీపి ముద్ద మీద ముజావరు తాత, అంటే చావిడిని చూసుకునే ముసలాయన, ఫాతెహా చదివి మా చేతుల్లో పెట్టేవాడు. ఇంట్లో ఏం చేసినా అమ్మ చేతికి ఆ రుచి రాలేదు. మతమనేది ఒకటుందని తెలియకముందే నేను రెండు మతాల ప్రసాదం తిని పెరిగాను. దీన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు. మాదిగవాడ పిల్లవాడు జోలె కట్టుకుంటే మాత్రం చావిడి మెట్టు కిందే నిలబడాలి. అక్కడికి వచ్చేసరికి మా ఊరి పెద్దమనసు అయిపోయేది.

నేను కర్నూలు చేరిన ఏడే రాజధాని కూడా కర్నూలు చేరింది. మైదానాల నిండా డేరాలు వేసి ఆఫీసులు పెట్టారు. కోస్తానుంచి వచ్చిన గుమాస్తాలు తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని, ఈ ఊళ్లో నీళ్లు లేవు, నీడ లేదు, మాటకు ఒక తీరు లేదు అని విసుక్కునేవారు. వాళ్లు మా మాటను వెక్కిరిస్తే మేము వాళ్ల మాటను వెక్కిరించేవాళ్లం. మద్రాసునుంచి విడిపోయి తెలుగువాళ్లకొక రాష్ట్రం వచ్చిందని తోరణాలు కట్టిన కొత్తలోనే కాఫీ హోటల్లో వాళ్ల బల్ల వేరు, మా బల్ల వేరు అయిపోయింది.

మా చరిత్ర లెక్చరరు ఆ సంవత్సరం జాతుల పాఠం మొదలుపెట్టాడు. ఆర్యులు, ద్రావిడులు, వాళ్ల సంస్కృతులు. మనిషి ముక్కును, నుదురును, పుర్రె వెడల్పును బట్టి జాతి చెప్పొచ్చని ఒకప్పటి పండితులు అనుకున్నారని ఆయన అన్నాడో లేదో, క్లాసంతా పక్కవాడి ముక్కు చూడడం మొదలుపెట్టింది. నాది కాస్త కొనదేరిన ముక్కు. నా పేరునూ ముక్కునూ కలిపి చూసుకుని లెక్చరరు నన్ను లేపాడు. మీ పూర్వులు ఎక్కడినుంచి వచ్చారు, పర్షియానా, అరేబియానా అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆలూరు నుంచి సార్, బస్సులో అన్నాను. నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. నా పక్కన కూర్చునే సాయిబుల అబ్బాయి మాత్రం నవ్వలేదు. వాళ్ల నాన్న, తాత అంతా కర్నూలు పాతూళ్లో జట్కా తోలినవాళ్లే. బయటికొచ్చాక, తననైతే ఆ ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతారని, తనకు బస్సు జవాబు చెప్పి తప్పించుకునే వీలు లేదని అన్నాడు. నేను వేళాకోళంగా అన్నమాట అతనికి ఎందుకు నవ్వు తెప్పించలేదో అప్పుడు తెలిసింది. ఆ రోజునుంచి మేమిద్దరం స్నేహితులమయ్యాం.

నేను ఉన్న హాస్టలు మా కులంవాళ్లు కట్టించింది. ఆ రోజుల్లో కర్నూల్లో కులానికొక హాస్టలు ఉండేది. అందులో తిండి, పడక ఉచితం. అది లేకపోతే నాకు కాలేజీ లేదు. నాన్నకు ఉన్నదల్లా వాన పడితే పండే చేను. హాస్టలు పెద్ద ఒక ప్లీడరు. తెల్లపంచె, నల్లకోటు, మెత్తటి మాట. చెడ్డవాడు కాదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆయన మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు.

హాస్టల్లో ప్రతి గది తలుపు మీద అందులో ఉండేవాళ్ల పేర్లు చెక్కపలక మీద రాసి తగిలించేవారు. అక్కడ మొదలైంది తంటా. కొడుకులను చూడడానికి వచ్చే తండ్రులు ఆ పలక చదివి, ఈడ సాయిబులకు కూడా సీట్లిస్తారా అని అడగడం, పిల్లలు నా కథ చెప్పి నవ్వడం, తండ్రులు నవ్వకపోవడం. ఒకాయన నా గదిలో ఉన్న తన కొడుకు ట్రంకుపెట్టెను తానే మోసుకుని వేరే గదికి మార్చాడు. నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. నన్ను చూసి చిన్నగా నవ్వి, ఏమీ అనుకోవద్దప్పా, ఇంట్లో ఆడోళ్లు ఊరుకోరు అన్నాడు. నాకు అసలే ముక్కు మీద కోపం. ఆ రోజు పలక పీకి గోడకేసి కొట్టాను. వంటాయన ముక్కలు ఏరి మళ్లీ మేకులు కొట్టాడు, పాపం.

దసరా సెలవులకు ముందు ప్లీడరు నన్ను ఇంటికి పిలిపించి మజ్జిగ ఇప్పించాడు. గ్లాసు సగం తాగాక విషయానికొచ్చాడు.

"మంచి పేరొకటి పెట్టుకోప్పా. గెజిట్లో వేయించేది నేను చూసుకుంటా. నీ మేలు కోరే చెప్తాండా. రేపు ఉద్యోగానికి పోతే ఆ పేరు జూసి మనోళ్లు మనోడు కాదంటారు, వాళ్లు వాళ్లోడు కాదంటారు."

నాకు ఏ దేవుడంటే ఇష్టమో చెబితే ఆ దేవుడి పేరే పెట్టిద్దామని కూడా అన్నాడు. తర్వాత గొంతు ఇంకా మెత్తగా చేసి అసలు సంగతి చెప్పాడు. ఇది కమిటీ నిర్ణయం. సెలవులయ్యాక కొత్త పేరుతో రావాలి, లేదంటే వేరే చోటు చూసుకోవాలి. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ చేతిలో ఆయన మజ్జిగ ఉంది. తాగుతున్న మజ్జిగ ముందు పెట్టుకుని ఎవరితోనూ పోట్లాడలేమని ఆ రోజు తెలుసుకున్నాను. పైగా నాకూ విసుగొచ్చింది. ఎక్కడికి పోయినా నా పేరు వెనక నా కథంతా చెప్పుకోవాల్సి రావడం, చెప్పాక కూడా ఎదుటివాళ్లు నన్ను అటూ ఇటూ తిప్పి చూడడం. మార్చుకుంటే పోతుంది కదా అని బస్సులో ఊరికి వెళ్తూ అనుకున్నాను.

ఇంట్లో చెబితే నాన్న ఎద్దులకు మేత వేస్తూ విన్నాడు. మనం పిలిచేది మనం పిలుస్తాం, వాళ్ల కాగితంలో వాళ్లకు నచ్చింది రాసుకోనీ, చదువు పోగొట్టుకోవద్దు అన్నాడు. అమ్మ మొహంలోనూ అదే మాట ఉంది. అవ్వ శెనక్కాయలు ఒలుస్తూ ఒక పక్కన కూర్చుంది. ఆమె ఏడుస్తుందని నా భయం. ఏడవలేదు. ఒలిచిన పప్పులు చేటలో పోసి, కొంగు దులుపుకుని చావిడి దగ్గరికి బయలుదేరింది. నేను వెంట వెళ్లాను.

ముజావరు తాత అంతా విని చాలా తేలిగ్గా చెప్పేశాడు. సామి ఏమీ అనుకోడు, పిల్లవాడి చదువు కన్నానా, చక్కెర మీద ఫాతెహా చదివించి మార్చుకోండి, నేనే చదువుతా అన్నాడు. నాకు గుండెల మీది బరువు దిగింది. పీరు ఒప్పుకున్నాడు, నాన్న ఒప్పుకున్నాడు, ఇక అడ్డమేముంది? ఇంటికి వచ్చే దారిలో అవ్వ నన్ను ఒకే ఒక మాట అడిగింది.

"ఆ ప్లీడరప్ప ఇల్లు యాడుండాది నాయనా?"

నాన్న ఎంత చెప్పినా వినలేదు. ఆదోని సంత దాటి ఎరగని మనిషి, జొన్నపిండి ఒక మూట, కొర్రలు ఒక మూట, పచ్చడి జాడీ ఒకటి కట్టుకుని నాతో బస్సెక్కింది. దారి పొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి వాంతులు చేసుకుంటూనే ఉంది. వెనక్కి పోదామా అంటే తల అడ్డంగా ఊపేది. ముజావరు తాత చెప్పినా ఆమెకు పీరంటే భయం పోలేదని, ఆ భయమే ఇంత పని చేయిస్తోందని నేను అనుకున్నాను.

ప్లీడరు ఆమెను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆమె నేల మీదే కూర్చుంది. పిల్లలకు అన్నం పెడుతున్నందుకు ముందు ఆయనకు దండం పెట్టింది. తర్వాత తను ఎందుకు మొక్కుకుందో, పురిట్లో పోయిన ఆ ఇద్దరు బిడ్డలు ఎలా ఉండేవాళ్లో, ఒకదానికి తలనిండా జుట్టు ఉండేదని, అన్నీ చెప్పింది. మా అమ్మ ఎప్పుడూ నోరెత్తని సంగతులు అవి. నేను గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాను.

"పేరు మాది కాదప్పా. అడుక్కోని తెచ్చుకున్నాము. అడుక్కున్నదాన్ని నచ్చలేదని పారేస్తే, నేను మళ్లా ఏ సామి ముందర కొంగు పట్టేది?" అంది.

ఆయన చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు. ఆమె చెప్పింది తనకు తెలియనిది కాదని, తన పెళ్లికి కూడా ఇంట్లో పీర్లకు చక్కెర చదివించారని, కానీ ఇప్పుడు కాలం వేరని, కమిటీలో తన ఒక్కడి మాట చెల్లదని చెప్పుకొచ్చాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు. నా పెట్టె, పరుపుచుట్ట మోయడానికి మనిషిని పంపిస్తానన్నాడు. అక్కర్లేదని నేనే మోసుకున్నాను. అవ్వ చెప్పింది విన్నాక, పేరు మార్చుకుంటాననడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడేం చేద్దామని రోడ్డు మీద నిలబడి అడిగితే, ఏముండాది, గది చూడు, నేను ఈడనే ఉండి వండి పెడతా అంది. పిండి మూటలు ఎందుకు తెచ్చిందో అప్పుడు అర్థమైంది. బయలుదేరినప్పుడే ఆమె అన్నీ ఆలోచించి పెట్టుకుంది. నేనే ప్లీడరు మనసు మారుతుందేమోనని ఆశపడ్డాను.

గది దొరకడం అంత సులభమా? రాజధాని వచ్చి ఊళ్లో పశువుల కొట్టాలకు కూడా అద్దె పలుకుతోంది. అది చాలదన్నట్టు అవ్వ నోరు. నేను కష్టపడి ఇంటివాళ్లతో మాట కలిపి, పెద్దామె, మనవడు, ఇద్దరమే, గొడవలుండవు అని చెప్పుకొస్తుంటే, వాళ్లు పేరేంటని అడిగేవరకైనా ఆగకుండా అవ్వ నా పేరు చెప్పేసేది. అంతే, అవతలివాళ్ల మొహం మారిపోయేది. గది ఎవరికో మాటిచ్చామని ఇప్పుడే గుర్తొచ్చిందనేవారు. విసిగిపోయి సాయిబుల వీధుల్లో అడిగాను. వాళ్లు నా పేరు విని సంతోషించి, వెనకాలే నుదుట విభూతితో వస్తున్న అవ్వను చూసి, మా ఇళ్లలో మాంసం వండుకుంటాము, మీకు పడదులేమ్మా అని మర్యాదగా పంపించేవారు. ఊరంతా తిరిగి కాళ్లు నొప్పులు పుట్టాయి. కాసేపు నోరు మూసుకో అవ్వా, నీకు దండం పెడతా అని బతిమాలుకున్నాను. నేనొచ్చిందే దానికి కదా నాయనా అంది.

ఆఖరికి నా స్నేహితుడే మమ్మల్ని వాళ్లింటికి తీసుకెళ్లాడు. పాతూళ్లో ఇరుకు సందు. ముందు రెండు గదులు, పక్కన గుర్రపు కొట్టం, వెనక గుర్రానికి గడ్డి వేసుకునే గది. ఆ గడ్డి పక్కకు లాగి మాకు ఆ గది ఇస్తామన్నారు. అతని తల్లి గోషా మనిషి, తలుపు చాటునుంచే మాట్లాడేది. అవ్వ ఆమెను బూబమ్మా అని పిలిచి, మొహమాటమేమీ లేకుండా, నేను వేరే పొయ్యి పెట్టుకుంటా, మీ ఇంట్లో వండింది తినను అని ముందే చెప్పేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. గది ఇస్తున్నవాళ్లతో అనే మాటా అది?

"మీ పొయ్యి మీది, మా పొయ్యి మాది. మధ్యన గోడ ఒకటే కదమ్మా, అది చాలు" అని తలుపు వెనకనుంచి ఆమె జవాబు.

అలా కాపురం పెట్టాం. గది ఎంత ఊడ్చినా గడ్డి వాసన పోలేదు. నాకు ఆ వాసన నచ్చేది, ఇంట్లో ఉన్నట్టే అనిపించేది. అవ్వ పొద్దున్నే హంద్రీ ఏటి ఇసకలో చెలమ తవ్వి నీళ్లు తెచ్చేది. జొన్నరొట్టెల చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. నాన్న నెలకొకసారి బస్సులో ధాన్యం మూట వేసి పంపేవాడు. రంజానుకు బూబమ్మ సేమ్యా, చక్కెర, ఖర్జూరాలు అన్నీ పచ్చివే, వండకుండా పళ్లెంలో పెట్టి గుడ్డ కప్పి పంపింది. అవ్వ తన పొయ్యి మీద వండి నాకు పెట్టింది. ఉగాదికి ఆ పళ్లేన్నే బెల్లం, కందిపప్పు, మామిడికాయలు నింపి తిప్పి పంపింది. ఒకరి వంట ఒకరికి తెలియకుండానే ఒకరి పండుగ ఒకరు చేసుకున్నారు. చావిడిలో మలీద తింటావు, ఈ తల్లి అన్నం ఎందుకు తినవని నేను ఒకసారి గట్టిగానే పోట్లాడాను. అది సామిది, ఇది కూడు అంది. ఈ లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు. నేను డిగ్రీ పూర్తి చేసేలోపు ఆమె బూబమ్మ చేతి టీ దాకా వచ్చింది. అన్నం దాకా రాలేదు. అలాంటి అవ్వను పట్టుకుని నేను ఉపన్యాసాలు దంచేవాణ్ని. జాతి అంటే ఇది, సంస్కృతి అంటే ఇది, మనుషులు ఎందుకు కొట్టుకుంటారంటే ఇందుకని. ఆమె రొట్టె కాల్చుకుంటూ వినేది. మధ్యలో ఉప్పు చాలిందా అని అడిగేది.

ఒక సాయంత్రం అలాగే ఏదో వాదిస్తూ, ఎన్నాళ్లనుంచో మనసులో ఉన్నది అడిగాను. చక్కెర చదివించి మార్చుకోమని ముజావరు తాతే చెప్పాడు కదా, సామికి లేని పట్టుదల నీకెందుకు, ఉన్న ఊరు వదిలి ఈ గడ్డి గదిలో ఎందుకు పడి ఉన్నావు అని. అవ్వ కొర్రల్లో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"నేను మనింటికొచ్చినప్పుడు శానా చిన్నదాన్ని నాయనా. నా పేరు, మా అత్త పేరు ఒకటే ఆయ. కోడల్ని అత్త పేరుతో పిల్సేదెట్ల? గడపలో కాలు పెట్టినప్పుడే వేరే పేరు పెట్టిరి. నన్నెవరూ అడగల్యా."

మొదట్లో కొత్త పేరుతో పిలిస్తే ఆమె పలికేది కాదట. పిలిచేది తనను కాదనుకునేది. చెవుడు పిల్లను అంటగట్టారని అత్త గొణిగిందట. కొన్నాళ్లకు పండుగకు ఆమె తల్లి చూడడానికి వచ్చింది. వాకిట్లో నిలబడి, అలవాటు కొద్దీ, పాత పేరు పెట్టి పిలిచింది. లోపల పిండి విసురుతున్న పిల్ల తిరుగలి వదిలేసి పరుగెత్తింది. వెనకాలే అత్త కూడా వచ్చి, నన్నేనా పిలిచింది అని అడిగింది. తల్లి వణికిపోయి, వియ్యపురాలి చేతులు పట్టుకుని, తప్పయిపోయిందని చెప్పుకుందట.

"మళ్లా ఎన్నితూర్లు వచ్చినా మాయమ్మ నన్ను పేరు పెట్టి పిలవల్యా. పాత పేరు పలకనియ్యరు, కొత్త పేరు ఆమెకు నోరాడదు. వాకిట్లో నిలబడి గాజులు సప్పుడు చేసేది. ఆ సప్పుడు విని నేను బయటికి పోయేదాన్ని. సచ్చిపోయేదాక అట్లనే. పేరు పోతే పాయ నాయనా. మాయమ్మ నోరు పాయ. నీ పేరు మార్సితే నేను కూడా అట్లనే నిలబడాల కదా నీ వాకిట్లో."

ఒకే ఊరి దిక్కువాళ్లు, ఒకే కులం, ఒకే దేవుడు, ముక్కులు కూడా ఒకే తీరువే. వాళ్ల మధ్యనే ఒక చిన్నపిల్ల పేరు లాగేసుకున్నారు, ఒక తల్లి నోరు కట్టేశారు. దాన్ని ఎవరూ గొడవ అనలేదు, పెళ్లి అన్నారు. నేను చదివిన చరిత్రలో ఇది ఏ అధ్యాయంలోనూ రాలేదు. ఆ సాయంత్రం నేను ఇక ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆమె పక్కన కూర్చుని కొర్రల్లో రాళ్లు ఏరాను.

చాలాసేపయ్యాక, నీ పాత పేరేంటవ్వా అని అడిగాను. ఇప్పుడేంటికిలే అని నవ్వి మొహం తిప్పుకుంది. నేను వదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు చెబుతున్నట్టు చెప్పింది. రెండే అక్షరాల పేరు. పోయిన మా తాతకు ఆ పేరు తెలిసేదో లేదో. నాన్నకు మాత్రం తెలియదు. ఆ పేరు కూడా ఇక్కడ రాయను. అది రాయడానికి ఆమె ఇచ్చింది కాదు.

మా ఇళ్లలో పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడమంటే చెంప వాయించుకునే పని. అందుకే కొన్ని రోజులు ఆ పేరు లోపలే దాచుకుని తిరిగాను. ఒక మధ్యాహ్నం కాలేజీ తొందరగా వదిలేశారు. సందులో ఎవరూ లేరు. గుర్రం బండితో బయటికి పోయింది, కొట్టం ఖాళీ. మా గదిలోంచి తిరుగలి చప్పుడు వినిపిస్తోంది. వాకిట్లో నిలబడ్డాను. చుట్టూ చూసి, గొంతు సవరించుకుని, ఆ పేరు పెట్టి గట్టిగా పిలిచాను.

తిరుగలి ఆగిపోయింది.

"వస్తాండానమ్మా" అని లోపలినుంచి వినిపించింది. అవ్వ గొంతే, కానీ నేనెప్పుడూ విననంత సన్నగా, ఆత్రంగా ఉంది. పిండి చేతులతో పరుగులాంటి నడకతో గడప దాకా వచ్చేసి నన్ను చూసింది. ఎవరి కోసమో నా వెనక సందులోకి కూడా చూసింది. అప్పుడు ఆగిపోయింది. తిడుతుందేమోనని నేను తల వంచుకున్నాను. తిట్టలేదు. గడప మీద మెల్లగా కూర్చుని, పిండి చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది.

"ఇంగొక తూరి పిలువు నాయనా" అంది.

పిలిచాను.